మట్టి కోర్టు, ఎర్ర సాక్సులు: మా టెన్నిస్ క్లబ్బు గురించి ఉన్నమాట

ముందే చెప్పేస్తాను. కోర్టులకు ఐదుకి నాలుగున్నర, ఆ కోర్టుల్ని చూసుకునే మనిషికి ఐదుకి ఆరు, ఆఫీసుకి రెండు. బాత్రూమ్‌కి సున్నా ఇద్దామనుకున్నా గానీ మొన్ననే కొత్త కుళాయి బిగించారు కాబట్టి ఒకటి. క్లబ్బు పేరు మాత్రం రాయను, రేపు పొద్దున ఐదున్నరకి మళ్లీ ఆ సెక్రటరీ గారి మొహమే చూడాలి నేను. వైజాగ్‌లో బీచ్ రోడ్డు నుంచి స్కూటర్ మీద పది నిమిషాలు, అంతవరకే చెప్తా.

నేను ఇందులో చేరి ఏడాదిన్నర అయింది. అంతకుముందు మధురవాడలో మా అపార్ట్‌మెంట్ వెనకున్న సిమెంటు కోర్టులో ఆడేవాణ్ణి. రెండేళ్లకి కుడి మోకాలు మొరాయించింది. డాక్టరు గారు స్కాన్ చూసి, "ఆడితే మట్టి మీద ఆడండి, లేదా హాయిగా క్యారమ్స్ ఆడుకోండి" అన్నారు. క్యారమ్స్‌లో మా ఆవిడ నన్ను ఎప్పుడూ ఓడిస్తుంది, అందుకని మట్టే మేలనుకున్నా.

మొత్తం నాలుగు కోర్టులు. మూడు మట్టివి, ఒకటి సింథటిక్. మట్టి అంటే టీవీలో పారిస్‌లో కనిపించే రకం అనుకోకండి. అక్కడ పైన కనిపించే ఎర్రటి ఇటుక పొడి ఒకటి రెండు మిల్లీమీటర్లే, దాని కింద సున్నపురాయి పొడి, ఆ కింద బొగ్గు చిట్టెం, కంకర, రాళ్లు, ఇలా పొరలు పొరలుగా ఉంటుంది. మా దగ్గర అంత హంగు లేదు. ఎర్రమట్టిని జల్లెడ పట్టి, ఇసుక, ఇటుక పొడి కలిపి, తడిపి, రోలర్ నడిపి గట్టి చేస్తారు. (ఎర్రమట్టి అనగానే మా వాళ్లంతా భీమిలి దారిలో దిబ్బలున్నాయిగా అంటారు. బాబూ, అది జాతీయ భూవారసత్వ ప్రదేశం, దాని జోలికి పోకండి.) హంగు లేదు కాబట్టే మా కోర్టు ఒక రోజున్నట్టు ఇంకో రోజు ఉండదు. మట్టి ఎలా ఉందన్నది ఆ రోజు దాన్ని ఎవరు, ఎప్పుడు, ఎంత తడిపారన్న దాని మీదే ఆధారపడి ఉంటుంది.

ఇక్కడ కోర్టులు చూసుకునే ఆయన ఉన్నారు, యాభై దాటిన మనిషి, శ్రీకాకుళం వైపు ఆయన. మధ్యాహ్నం మూడింటికి పైపు పట్టుకుని దిగుతారు. పైపు మూతికి బొటనవేలు అడ్డం పెట్టి నీటిని తుంపరలాగా చిమ్ముతారు, ధార నేల మీద పడితే గుంటలు పడతాయని. ఒక మూల నుంచి మొదలుపెట్టి వెనక్కి వెనక్కి నడుస్తూ, తడిసిన చోట తన కాలు మళ్లీ పడకుండా, నెట్ దాకా వస్తారు. తర్వాత ఓ అరగంట వేపచెట్టు కింద కూర్చుంటారు. లేచి వచ్చి మడమతో నేలని గట్టిగా నొక్కి చూస్తారు. మడమ దిగబడి గుంట పడితే ఎవరినీ రానివ్వరు, సెక్రటరీ గారినైనా సరే. "ఏటి బాబూ అంత తొందర, తడారనీండి, ఇప్పుడు దిగితే రేపంతా నేనే పూడ్చాల" అంటారు. గుర్తు మాత్రం పడి గుంట పడకపోతే అప్పుడు రోలర్, ఆ పైన పొడి సమంగా పరుచుకునేలా పెద్ద వల లాగడం, చివరికి గీతల మీద చీపురు. ఈ తంతు ఒక్కసారి కూర్చుని చూడండి, ఆ తర్వాత ఇంటి చెప్పులతో కోర్టు మీదకి వెళ్లడానికి మీకే మనసొప్పదు.

ఆయన సెలవు పెట్టిన వారం సంగతి కూడా చెప్పాలి. ఎవరో కుర్రాణ్ణి పెట్టారు. వాడు పైపు నేల మీద పడేసి ఫోన్ చూసుకున్నాడు. రెండో నంబర్ కోర్టు బేస్‌లైన్ (వెనక గీత) దగ్గర గేదె పొర్లినట్టయింది, అది ఎండి పెళ్లలు కట్టి బంతి ఎటు లేస్తుందో దేవుడికి కూడా తెలియలేదు. అందుకే మీరు ఏ మట్టి క్లబ్బులో చేరాలన్నా డబ్బు కట్టకముందు సాయంత్రం నాలుగింటికి వెళ్లి కోర్టు తయారుచేసే పని చూడండి. క్లబ్‌హౌస్ ఏసీ, గోడ మీద కప్పులు, ఇవన్నీ తర్వాత.

ఇక ఆట. సిమెంటు నుంచి వచ్చినవాళ్లకి మొదటి నెల అవమానమే. నాకు కాస్త గట్టి సర్వీసు ఉండేది, అపార్ట్‌మెంట్‌లో దాని మీదే నెట్టుకొచ్చా. ఇక్కడ మొదటి ఆదివారం పోర్టులో పనిచేసి రిటైరైన ఒక బాబాయి గారితో ఆడించారు, ఆయనకి 64 ఏళ్లు, మోకాలికి బెల్టు. 6-1తో ఓడిపోయా. ఆ ఒక్క గేమూ ఆయన జాలిపడి ఇచ్చిందే. నా సర్వీసు నేలకి తగలగానే ఎవరో చొక్కా పట్టుకుని ఆపినట్టు నెమ్మదించి, భుజం ఎత్తుకి లేచి, "కొట్టుకోండి సార్" అన్నట్టు ఆయన ముందు నిలబడేది. ఆయన దాన్ని చక్కగా కోసి నెట్‌కి ఇవతల వేసేవారు, నేను పరిగెత్తుకొచ్చేసరికి రెండోసారి కింద పడి ఉండేది.

కారణం పెద్ద రహస్యమేం కాదు. పైన వదులుగా ఉన్న పొడి బంతిని రాపిడితో పట్టేస్తుంది, ముందుకు వెళ్లే వేగం ఎక్కువగా పోతుంది, మిగిలింది పైకి లేస్తుంది. టాప్ స్పిన్ వేస్తే, అంటే బంతి ముందుకు గిర్రున తిరిగేలా కొడితే, ఇంకా ఎత్తుకి లేస్తుంది. నాదల్ రొలాండ్ గారోస్‌ని, అదే పారిస్‌లో మట్టి మీద జరిగే ఫ్రెంచ్ ఓపెన్‌ని, 14 సార్లు గెలిచాడంటే, 2005 నుంచి 2007 మధ్య మట్టి మీద వరసగా 81 మ్యాచ్‌లు ఓడకుండా ఆడాడంటే, ఆ ఎత్తుకి లేచే బంతి పాత్ర అందులో తక్కువేం కాదు. మనం నాదల్ కాదు గానీ సూత్రం మనకీ అదే. గట్టిగా కొట్టడం మానేసి, నెట్ మీద నుంచి మూడు నాలుగడుగుల ఎత్తులో, స్పిన్‌తో, లోతుగా వేయండి. నెట్ మధ్యలో 3 అడుగులే, పోల్స్ దగ్గర 3.5, కాబట్టి అడ్డంగా మూల నుంచి మూలకి కొడితే ఎత్తు తక్కువ, దూరం ఎక్కువ, రెండూ మీకు కలిసొస్తాయి. నిలబడే చోటు కూడా రెండడుగులు వెనక్కి జరపండి. ఈ చిన్న పని చేయడానికి నాకు మూడు నెలలు పట్టింది, పౌరుషం అడ్డొచ్చి.

జారడం గురించి అందరూ అడుగుతారు. టీవీలో చూసి బంతి కొట్టాక జారతారు కొత్తవాళ్లు, అది జారడం కాదు, పడిపోకుండా ఆగడం. జారుతూ బంతి దగ్గరికి చేరాలి, ఆగే సమయానికి కొట్టడం కూడా అయిపోవాలి, అప్పుడే వెంటనే వెనక్కి తిరగగలం. ముందు కాలి మడమ, పాదం నేల మీద ఆనే ఉండాలి, మోకాలు వంగి ఉండాలి, బరువు తక్కువ ఎత్తులో ఉండాలి. మొదట్లో రాకెట్ లేకుండా, బంతి లేకుండా, నాలుగడుగులు పరిగెత్తి జారడం నేర్చుకోండి. మా మార్కర్ (క్లబ్బులో మెంబర్లతో ఆడుతూ ఆట నేర్పే మనిషి) నాతో వారం రోజులు ఇదే చేయించాడు, పక్క కోర్టు పిల్లలు నవ్వుతుండగా. ఒక జాగ్రత్త: మా కోర్టుల గీతలు సున్నంతో గీసినవి కావు, మేకులతో కొట్టిన తెల్ల పట్టీలు. తడి మీద అవి సబ్బులా జారతాయి. పైగా మట్టి అరిగేకొద్దీ మేకుల తలలు పైకి లేస్తాయి. నా కొత్త బూటు అంచు అలాగే చీరుకుపోయింది. ఆఫీసులో చెబితే రిజిస్టర్‌లో రాయమన్నారు. రాశాను. ఆ మేకు ఇప్పటికీ అక్కడే ఉంది, కావాలంటే మూడో కోర్టు సర్వీస్ లైన్ ఎడమ చివర చూసుకోండి.

బూట్ల మాటొచ్చింది కాబట్టి, రన్నింగ్ షూస్‌తో రాకండి. అవి ముందుకి పరిగెత్తడానికే, పక్కకి తిరిగితే చీలమండ మడత పడుతుంది. ఎత్తు మడమ ఉన్న మెత్తటి సోలు మట్టి మీద ఇంకా ప్రమాదం. సోల్ నిండా జిగ్‌జాగ్ గాళ్లున్న టెన్నిస్ షూస్ కావాలి, ఆ గాళ్లు పట్టూ ఇస్తాయి, సరైన సమయంలో జారనూ ఇస్తాయి. గాళ్లలో మట్టి కూరుకుపోతుంది, సర్వీసుకి ముందు రాకెట్ అంచుతో బూటు పక్కన రెండు దెబ్బలు కొడితే రాలిపోతుంది. అది స్టైల్ కోసం చేసేది కాదని నాకు ఇక్కడికొచ్చాకే తెలిసింది. ఇక తెల్ల సాక్సులు కొనకండి. మొదటి వారం నా సాక్సులు నానబెట్టిన బకెట్ చూసి మా ఆవిడ, "ఏవండీ, ఇవి సాక్సులా, పునాదికి తెచ్చిన ఇటుకలా?" అంది. ఇప్పుడు వాటికి వేరే బకెట్ ఉంది, బాల్కనీలో.

బంతులూ తీగలూ ఇక్కడ త్వరగా చస్తాయి. కొత్త బంతి బరువు 56 నుంచి 59.4 గ్రాముల మధ్య ఉండాలి. మన ఊరి తేమలో, తడి మట్టి మీద గంట ఆడాక అది నీళ్లు తాగిన కోడిపిల్లలా ఉబ్బి బరువెక్కుతుంది. భుజం నొప్పి ఉన్నవాళ్లు నీళ్లు కొట్టిన వెంటనే మొదలయ్యే సాయంత్రం స్లాట్‌కి రాకపోవడం మంచిది. మే నెల పొడి మట్టి మీద అదే బంతి తేలిగ్గా, ఎత్తుగా ఎగురుతుంది. అంటే ఒకే కోర్టు రెండు ఆటలు ఆడిస్తుందన్నమాట. శని, ఆదివారాలు నలుగురిలో ఒకరు కొత్త డబ్బా తేవాలని మా దగ్గర కట్టు. పాత బంతులే జేబులో వేసుకొచ్చి "నిన్నే కొన్నానండి" అనే పెద్దమనిషి ప్రతి క్లబ్బులో ఒకరుంటారు, మా దగ్గర ఇద్దరున్నారు.

తీగల్లో రవ్వంత మట్టి చేరి అవి ఒకదాన్నొకటి రంపంలా కోసుకుంటాయి. ఆట అవగానే రాకెట్‌ని అరచేతి మీద కొట్టి దులిపి, పొడి గుడ్డతో తుడిస్తే ఇంకో రెండు వారాలు వస్తాయి. నాచురల్ గట్ (పశువుల పేగుతో చేసిన) తీగలు ఖరీదైనవి, తేమ వాటికి పడదు, సముద్రం పక్కన వాటి మీద డబ్బు పోయకండి. నేను మామూలు సింథటిక్ గట్ వేసి, సిమెంటు మీద ఉన్నదానికంటే రెండు పౌండ్లు వదులు చేయించుకున్నా, బంతి లోతుగా పడుతోంది, మోచేయి కూడా సంతోషంగా ఉంది. గ్రిప్ మీద చుట్టే పలచటి టేప్ వారానికొకటి మార్చాల్సిందే, మన చెమటకి. నీళ్ల సీసాలు రెండు తెచ్చుకోండి, ఒకదాంట్లో ఉప్పు, పంచదార కలిపింది లేదా పల్చటి మజ్జిగ. మట్టి మీద ర్యాలీలు పొడుగు, సిమెంటు మీద మూడు షాట్లలో తేలే పాయింటు ఇక్కడ పన్నెండు షాట్లు పడుతుంది. ఉక్కపోతలో గంటకే కళ్లు తిరుగుతాయి. క్లబ్బులో వాటర్ కూలర్ ఉంది. దాని గురించి మాట్లాడకపోవడమే మర్యాద. గేటు బయట కొబ్బరి బోండాల బండి ఉంది, ఏప్రిల్, మే నెలల్లో తాటి ముంజలు కూడా దొరుకుతాయి. ఈ బండికి విడిగా ఐదుకి ఐదు.

ఏ సమయానికి వెళ్లాలన్నది చాలా ముఖ్యం, దీని గురించి ఎవరూ ముందు చెప్పరు. పొద్దున ఐదున్నర నుంచి ఏడు దాకా స్వర్గం, గాలి ఉండదు, మట్టి రాత్రి తేమతో కొద్దిగా మెత్తగా ఉంటుంది. ఎండాకాలంలో ఐదున్నరకే సూర్యుడు సముద్రంలోంచి లేచి కూర్చుంటాడు. కోర్టులు ఉత్తర దక్షిణాలుగా ఉంటే ఇబ్బంది లేదు, మా మొదటి రెండూ అలాగే ఉన్నాయి. మూడోదాన్ని మాత్రం స్థలం చాలక తూర్పు పడమరలుగా వేశారు. పడమటి వైపు నిలబడి సర్వీసు చేస్తే పైకెగరేసిన బంతి కనపడదు, సూర్యుడు కనపడతాడు. కొత్త మెంబర్లకి బుకింగ్‌లో ఎప్పుడూ ఆ మూడో కోర్టే వస్తుంది, ఎందుకో నన్నడగొద్దు. సాయంత్రాలు గాలి ఎక్కువ. గాలికి ఎదురుగా ఉన్నప్పుడు ధైర్యంగా పొడుగ్గా కొట్టండి, గాలి వెనకుంటే స్పిన్ పెంచండి, లాబ్, అంటే అవతలివాళ్ల తల మీదుగా ఎత్తుగా లేపే బంతి, అసలు వేయకండి. నేను వేసిన ఒక లాబ్ పక్కింటి డాబా మీద పడింది, ఆ ఇంటివాళ్లు బంతి ఇవ్వలేదు, చిన్నపాటి ఉపన్యాసం ఇచ్చారు.

వానాకాలం ఈ క్లబ్బుకి గండం. జూన్ నుంచి మొదలై, అసలు వాన సెప్టెంబరు, అక్టోబరుల్లో. ఒక గట్టి వాన పడితే రెండు రోజులు కోర్టు మూత, అల్పపీడనం పట్టిందంటే వారం. ఉన్న ఒక్క సింథటిక్ కోర్టు కోసం అప్పుడు కొట్లాటలు. నెలకు 1,500 కడుతున్నాం, పోయిన అక్టోబరులో నేను ఆడింది తొమ్మిది రోజులు. తగ్గించమంటే "వాన మా చేతుల్లో ఉందా అండీ" అన్నారు. వాన చేతుల్లో లేదు గానీ కాలవ పూడిక తీయించడం చేతుల్లోనే ఉందిగా, నాలుగో మూల నీళ్లు నిలిచేది ఆ కాలవ వల్లే. పాతవాళ్లు మాత్రం ఇదేం లెక్క అంటారు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు చెట్లు కంచె మీద పడి, పై మట్టంతా కొట్టుకుపోయి, మళ్లీ అడుగు నుంచి వేసుకున్నారట. అప్పుడు మెంబర్లే తట్టలు మోశారని బాబాయి గారు ఇప్పటికీ గర్వంగా చెప్తారు. ఇప్పటి మెంబర్లు ఆట అయ్యాక వల కూడా లాగరు.

అవును, ఆ వల. ఆట ముగిశాక కోర్టు మీద వల లాగడం ఆడినవాళ్ల బాధ్యత, కోర్టులు చూసుకునే ఆయన పని కాదు. కంచె వైపు నుంచి మొదలుపెట్టి గుండ్రంగా లోపలికి లాగాలి, ఎందుకంటే మనం జారినప్పుడల్లా పొడి అంచులకి పోతుంది, దాన్ని మళ్లీ మధ్యకి తేవాలి. మధ్య నుంచి బయటికి లాగితే ఉన్నదీ పోతుంది. నాలుగు నిమిషాల పని. దీన్ని మానేసి ఫోన్లో స్కోరు పెట్టుకుంటూ వెళ్లిపోయేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

గీతల తగాదాలు మట్టి మీద తగ్గాలి నిజానికి, బంతి గుర్తు పడుతుంది కాబట్టి. గుర్తు గీతని ఏమాత్రం తాకినా ఇన్. అంపైర్ లేని ఆటలో మీ వైపు పడిన బంతికి మీరే చెప్పాలి, అవుట్ అంటే గుర్తు చూపించగలగాలి. మా దగ్గర ఒక అంకుల్ ఉన్నారు, అవుట్ అంటారు, మనం నెట్ దాకా వచ్చేలోపు కాలితో గుర్తు తుడిచేస్తారు. చాలాకాలం ఆయనతో వాదించా. తర్వాత అంతర్జాతీయ సమాఖ్య పద్ధతి చదివా, గుర్తు తుడిచినవాడు ఆ పాయింటు వదులుకున్నట్టేనట! ప్రింట్ తీసి నోటీసు బోర్డుకి అంటించా. రెండు రోజులకి ఎవరో పీకేశారు. ఎవరో నాకు తెలుసు, కాలికి ఎర్ర బూట్లు.

పిల్లల కోచింగ్ గురించి అడిగేవాళ్లకి: మార్కర్లు మంచివాళ్లు, ఓపిక ఉంది. కానీ ఒక కోర్టులో పద్నాలుగు మంది పిల్లలు, ఒకడు కొడితే పదముగ్గురు వరసలో నిలబడి మట్టి తవ్వుతుంటారు. ఎనిమిదేళ్ల పిల్లలకి కూడా మామూలు పసుపు బంతులే. చిన్నవాళ్లకి ఎరుపు, నారింజ, ఆకుపచ్చ గుర్తులున్న నెమ్మది బంతులుంటాయి, పసుపుదానికంటే ఎరుపు 75 శాతం, నారింజ 50 శాతం, ఆకుపచ్చ 25 శాతం నెమ్మది. మట్టి మీద బంతి పిల్లల తల దాటి లేస్తుంది కాబట్టి ఇవి ఇంకా అవసరం. నేను మా అబ్బాయి కోసం ఒక సెట్ కొనిచ్చా, ఇప్పుడు బ్యాచ్ అంతా వాటితోనే ఆడుతోంది, బిల్లు మాత్రం నా దగ్గరే ఉంది. క్లబ్‌హౌస్ గోడ మీద మన వైజాగ్‌లో పెరిగిన టెన్నిస్ ఆటగాడు సాకేత్ మైనేని ఫోటో పెట్టారు. 2014 ఆసియా క్రీడల్లో సానియా మీర్జాతో కలిసి మిక్స్‌డ్ డబుల్స్ బంగారు పతకం గెలిచిన ఫోటో అది. బాగుంది. దాని కిందే పిల్లలు బెంచీ లేక నేల మీద కూర్చుని లేసులు కట్టుకుంటారు.

ఎవరు చేరొచ్చు? నలభై దాటి మోకాళ్లు మొరాయిస్తున్నవాళ్లు, పొద్దున్నే లేవగలిగినవాళ్లు, ఓడిపోయినా నవ్వగలిగినవాళ్లు. రాత్రి ఎనిమిది తర్వాతే ఖాళీ అనుకునే ఐటీ వాళ్లు వద్దు, లైట్లు నాలుగుంటే వెలిగేవి రెండున్నర. ఆ అర ఏంటంటే, అది మినుకుమంటుంది.

ట్రయల్‌కి మూడు రోజులు ఉచితంగా ఆడనిస్తారు. ఆఫీసులో అడిగితే లేదంటారు, ఉంది, ఫారం వెనక వైపు సన్నటి అక్షరాల్లో ఉంటుంది. మంగళవారం రండి, ఆ రోజు మెంబర్లు తక్కువ. మొదటి కోర్టు అడగండి. కోర్టు తడిగా ఉంటే వేపచెట్టు కింద ఆయన పక్కన కూర్చోండి, ఆయన మడమ పెట్టి చూసి తల ఊపేదాకా లేవకండి.